మూత ఉన్న బండ

లైట్‌హౌస్ క్వార్టర్స్,
జూన్ 4

బావా,

ఆఫీసు కవరు వేరే పంపాను. అందులో "అయ్యా, సవినయంగా మనవి చేసుకునేది" అని మొదలుపెట్టాను కాబట్టి దాన్ని ఎలాగూ చదువుతావు. ఇందులో వినయం లేదు. అయినా చదువు.

సముద్రంలో కొత్త బండ లేచింది! పన్నెండేళ్లుగా ఇక్కడ కూర్చుని అవే నీళ్లని చూస్తున్నాను. ఎప్పుడూ ఏమీ లేవలేదు. మొన్న పొద్దున ఎనిమిదింటికి, ఆటుకి నీళ్లు బాగా వెనక్కి పోయి ఉన్నప్పుడు, టీ గ్లాసు పట్టుకుని పైన వరండాలోకి వచ్చాను. ఆగ్నేయంగా ముప్పావు మైలు దూరంలో, నల్లగా, నున్నగా, గేదె వీపంత. మొదట గేదే అనుకున్నాను. అరగంటైనా ఒడ్డుకి రాకపోయేసరికి కాదని తేల్చుకున్నాను. బైనాక్యులర్స్ పెట్టి చూస్తే పైన గుండ్రంగా మూతలాంటి బుడిపె, ఒంటి చుట్టూ సమంగా పట్టెలు. తీరిగ్గా కూర్చుని చెక్కినట్టుంది. పోయిన నెల గాలివానకి అడుగునున్న ఇసుక కొట్టుకుపోయి బయటపడిందని నా ఊహ. కోణం, దూరం అన్నీ రిపోర్టులో రాశాను.

గాలివాన అంటే గుర్తొచ్చింది. నా మేడ మీది నీళ్ల ట్యాంకు ఎగిరిపోయింది. వెయ్యి లీటర్లది. బావి నుంచి బకెట్లతో మోసి మోసి నడుం పట్టేసింది. స్టోర్సు వాళ్లకి అర్జీ పెట్టాను. నువ్వొక మాట అంటే కదులుతుంది. ఆ బిల్డింగులో నీ మాటకి విలువుందని అక్క చెబుతుండేది. నేను నమ్మలేదనుకో.

సరిగ్గా తింటున్నావా? అబద్ధం రాయకు.

నీ బావమరిది


నావికుల నోటీసుల విభాగం,
మూడో అంతస్తు,
జూన్ 11

చిరంజీవి బావమరిదికి,

రెండు కవర్లూ అందాయి.

బండని ఈ వారం నోటీసుల్లో వేశాం. నంబరు 212. "కొత్త బండ బయటపడినట్టు సమాచారం. ఆటు సమయంలో కనిపించును. నలుపు, నునుపు. పైభాగాన మూతను పోలిన బుడిపె. ఓడలు అర మైలు దూరం పాటించవలెను." బుడిపె మాట తీసేద్దామా అనుకున్నాను. కళ్లతో చూసినవాడు రాసింది కాబట్టి ఉంచాను. సముద్రపు చార్టుల మీద ఊదా సిరాతో గుర్తు నేనే పెట్టాను.

మా పెద్దసారు సంతోషించారు. ఆయన హయాంలో ఇంతవరకు కొత్త ప్రమాదం ఒక్కటీ దొరకలేదు. పట్టెల సంగతి చదివి, అది పొరల శిల అని నిర్ధారించారు. ఆయన చదివింది వాణిజ్యశాస్త్రం.

నీ ట్యాంకు అర్జీ రెండో అంతస్తులో ఉంది. వెళ్లి అడిగాను. పాత ట్యాంకు వెనక్కి అప్పగిస్తేనే కొత్తది ఇస్తారట. ఎగిరిపోయిందని చెప్పాను. ఎటు ఎగిరిందో రాసిమ్మన్నారు. అది నువ్వే రాయాలి.

నోటీసులు గురువారం అచ్చుకి వెళ్తాయి. బుధవారం సాయంత్రం వాటిని మీ అక్కకి చదివి వినిపించేవాణ్ని. ఆమె కూరగాయలు తరుగుతూ వినేది. నవంబరు నుంచి పైకి చదవడం లేదు. పని త్వరగా అయిపోతోంది.

తింటున్నాను.

బావ


లైట్‌హౌస్ క్వార్టర్స్,
జూన్ 23

బావా,

కంగారు పడకు. ఇంకో బండ.

మొదటిదానికి పావు మైలు అవతల. అచ్చం అలాంటిదే. అదే నలుపు, అదే నునుపు, నెత్తిన అదే బుడిపె. కవలలు! మొదటిది మాత్రం ఇవాళ కనబడలేదు. నిన్న కూడా కనబడలేదు. ఒకటి కనబడిన రోజు రెండోది కనబడటం లేదు. వంతులేసుకుని డ్యూటీకి వస్తున్నట్టున్నాయి. మన లైట్‌హౌస్‌లో కూడా అలా ఇద్దరు కీపర్లుంటే ఎంత బాగుండేదో.

ఇక్కడ నా బతుకు ఫెర్రీ నడిపే సరంగు చేతిలో పడింది. నీ అర మైలు దూరం పుణ్యమా అని అతను రోజూ చుట్టు తిరిగి వెళ్లాలి. ఇరవై నిమిషాలు ఆలస్యం. ప్రయాణికులు అతన్ని తిడుతున్నారు, అతను మైకులో నన్ను తిడుతున్నాడు. లైట్‌హౌస్ ఎదురుగా రాగానే మొదలు.

"కీపరుగారూ! మీ బండ లేచిందా, ఇంకా పడుకునే ఉందా?"

నిన్నైతే, "ఇరవై ఏళ్లుగా ఇక్కడే తిరుగుతున్నా. నా పడవకి తగలని బండ మీ కళ్లకెలా తగిలిందండీ?" అన్నాడు. ఫెర్రీ అంతా నవ్వింది. నాకు మైకు లేదు. ఉన్నది తువ్వాలు. కోపంగా తువ్వాలు ఊపితే పిల్లలంతా నాకు టాటా చెప్పారు.

స్టోర్సు వాళ్లకి "ఆగ్నేయంగా ఎగిరింది" అని రాసిచ్చాను. ఎంత దూరం ఎగిరిందని తిరిగి అడిగారు. దాని వెంట పరిగెత్తలేదని రాశాను. పరిగెత్తకపోవడానికి కారణం చెప్పమన్నారు. "ఎదురుగా సముద్రం" అని రాశాను. ఫైలు పరిశీలనలో ఉందట.

నీ బావమరిది

తా.క. తింటున్నాను అన్నావు. ఏం తింటున్నావో రాయలేదు.


మూడో అంతస్తు,
జూలై 2

బుజ్జికి,

రెండో బండ, నోటీసు 219.

బండలు రెండయ్యాయి కాబట్టి వాటిని గుంపుగా లెక్కించాలని పెద్దసారు అన్నారు. గుంపైతే పేరుండాలి. నోటీసు రాసినవాడు పేర్ల కమిటీకి పేరు ప్రతిపాదించాలని నియమం. పెద్దసారు తన పేరు సూచించారు. ఇంటిపేరుతో కలిపి పద్దెనిమిది అక్షరాలు. పెన్సిలుతో చార్టు మీద రాసి చూశాను. బండ దగ్గర మొదలై, ఒడ్డెక్కి, లైట్‌హౌస్ మీదుగా వెళ్లి నీ బావిలో ముగిసింది. చిన్న పేరు కావాలని మనవి చేశాను.

మీ అక్క పేరు మూడక్షరాలు. పడుతుంది.

ప్రతిపాదన పంపాను. కారణం అన్న గడిలో "క్లుప్తత" అని రాశాను. మిగతాది రాయలేదు.

ఇరవై ఏడేళ్లలో ఈ ఆఫీసుని ఏమీ అడగలేదు. ఇది జరిగితే బాగుండును.

నీకు అభ్యంతరముంటే తిరుగు టపాలో చెప్పు. మీ అక్క నిన్ను పిలిచినట్టు పిలిచాను. నలభై తొమ్మిదేళ్లవాడివి. దానికీ అభ్యంతరముంటే చెప్పు.

బావ

పప్పు, అన్నం. కొన్నిసార్లు అన్నం.


లైట్‌హౌస్ క్వార్టర్స్,
జూలై 9

బావా,

నీ ఉత్తరం మెట్లెక్కుతూ చదివాను. నూట పన్నెండు మెట్లలో యాభై ఆరో మెట్టు మీద కూర్చుండిపోయాను. పైకీ వెళ్లలేదు, కిందకీ దిగలేదు. అలా ఎంతసేపున్నానో తెలీదు. టీ పెట్టిన గిన్నె మాడిపోయింది.

అభ్యంతరమా? అక్క పేరు చార్టు మీద! లోకంలో ఉన్న ఓడలన్నిటి దగ్గరా ఉంటుంది కదా ఆ చార్టు? ముక్కూ మొహం తెలియని కెప్టెన్లు భూతద్దం పెట్టి మరీ చదువుతారు. మా అక్క తన పేరు తప్పు పలికినవాణ్ని వదిలేది కాదు. ఇక వాళ్ల ఖర్మ.

సరంగుకి కూడా చెప్పాను. జెట్టీ దగ్గరికి వెళ్లి, పెద్దమనిషి తరహాలో. "ఇకమీదట మా బండ మీద వెటకారాలొద్దు. దానికి మా అక్క పేరు పెడుతున్నారు" అన్నాను. అతను టోపీ సర్దుకున్నాడు. తర్వాత, "అయితే మీ బండ లేచిందా అని అడక్కూడదా?" అన్నాడు. "లేచారా అనాలి" అన్నాను.

ఇంకో మంచి వార్త. మూడో బండ! ఇది బాగా దగ్గర. పావు మైలు కూడా ఉండదు. రిపోర్టు కవరులో ఉంది. రేపు పొద్దున పడవ వేసుకుని వెళ్లి చేత్తో తాకి వస్తాను. అక్క పేరు పెట్టుకోబోయే బండ. ఒకసారి వెళ్లి పలకరించకపోతే బాగుండదు.

నీ బుజ్జి


లైట్‌హౌస్ క్వార్టర్స్,
జూలై 12

బావా,

వెళ్లొచ్చాను. బండ బాగుంది. వాతావరణం కూడా బాగుంది. ఉంటాను.


మూడో అంతస్తు,
జూలై 20

బుజ్జికి,

కమిటీ ఆమోదించింది. ఏకగ్రీవంగా. క్లుప్తతని మెచ్చుకున్నారట.

కమిటీ గుమాస్తా పేరు ఎలా పలకాలో అడిగాడు. చెప్పాను. వినబడలేదని ఇంకోసారి చెప్పించాడు. మూడోసారి అతను అడగలేదు, నేనే చెప్పాను. ఆ పేరు పైకి పలికి ఎనిమిది నెలలైంది.

మూడో బండని 224గా వేశాం. ఆగస్టు 6న సర్వే పడవ వస్తుంది, బండల స్థానం కొలిచి ఖాయం చెయ్యడానికి. నోటీసులు రాసేవాళ్లు సాధారణంగా పడవెక్కరు. నేను సముద్రాన్ని కాగితం మీద తప్ప దగ్గరగా చూసింది తక్కువ. ఈసారి వస్తానని అడిగాను. సర్వే ఇంజనీరు మేడమ్ ఒప్పుకున్నారు. ఒక్కటే షరతు, వాంతులు పడవ బయటికి చేసుకోవాలి.

రబ్బరు అడుగున్న గుడ్డ బూట్లు కొన్నాను. "వాకింగుకా సార్?" అన్నాడు కొట్టతను. "బండ ఎక్కడానికి" అన్నాను. అతను నా వయసు అంచనా వేసి ఇంకో రకం చూపించాడు. ఇంట్లో వేసుకుని హాలులో తిరిగి చూశాను. జారడం లేదు. రోజూ సాయంత్రం వేసుకుంటున్నాను.

పెద్దసారు అలిగారు. నాతో మాటలు మానేశారు. పని సాఫీగా సాగుతోంది.

నాలుగు రోజులుగా కూర కూడా వండుకుంటున్నాను. నిన్న వంకాయ మాడింది. మొన్నటిది బాగానే ఉంది.

పేరు ఏ బండ పక్కన రాయాలో నువ్వే చెప్పు. మూడింటిలో ఏది చూడ్డానికి బాగుంటుంది?

నీ పోయిన ఉత్తరంలో పిలుపు తీసేస్తే ఏడు మాటలున్నాయి. అన్ని తక్కువ మాటలతో నేను రాస్తాను, నువ్వు రాయవు. ఒంట్లో బాగుందా?

బావ


లైట్‌హౌస్ క్వార్టర్స్,
జూలై 26

బావా,

నేను బాగున్నాను. నువ్వు రావద్దు.

అంటే, రావద్దని కాదు. ఆగస్టులో వద్దు. ఆగస్టులో ఇక్కడ సముద్రం మహా పొగరుగా ఉంటుంది. పోయినేడాది లెక్కల మాస్టారొకాయన ఫెర్రీలో వచ్చి, దిగేసరికి ఎక్కాలు మర్చిపోయాడు. పైగా సర్వే పడవలో బొద్దింకలుంటాయని విన్నాను. నీకు బొద్దింకలంటే పడదు. నాకు నీళ్ల ట్యాంకు లేదు, నువ్వొస్తే స్నానానికి నీళ్లు చాలవు. అన్నిటికన్నా ముఖ్యం, బండల్ని దగ్గర నుంచి చూస్తే అంత బాగుండవు. కొన్ని దూరం నుంచే అందంగా ఉంటాయి.

ఇంకో మాట. పేరు పెట్టడానికి కొత్త బండే కావాలా? ఉత్తరం పక్కన పాత బండ ఒకటుంది. చాలా గట్టిది. నూట యాభై ఏళ్లుగా అదే చోట ఉంది. స్థిరత్వం గురించి ఆలోచించు.

బూట్లు వాకింగుకి వాడుకో.

బుజ్జి


మూడో అంతస్తు,
జూలై 30

బుజ్జికి,

ఉత్తరపు బండకి పేరుంది. దాన్ని మార్చడానికి ఫారం లేదు.

బొద్దింకల గురించి మేడమ్‌ని అడిగాను. నిరుడు మందు కొట్టించారట.

స్నానం బావి దగ్గర చేస్తాను.

నువ్వు నా దగ్గర ఏదో దాస్తున్నావు. మీ అక్క దగ్గర దాచినప్పుడు కూడా ఇలాగే సాకుల పట్టీ పంపేవాడివి. ఆమె చివరి సాకు దగ్గర నుంచి వెనక్కి చదివేది.

నేనూ అలా చదివాను. అర్థం కాలేదు. ఆరో తారీఖున వస్తున్నాను.

బావ


లైట్‌హౌస్ క్వార్టర్స్,
ఆగస్టు 2

బావా,

నువ్వు బూట్లు కొన్నానని రాయకపోయుంటే ఇంకో నెల నెట్టుకొచ్చేవాణ్ని. వంకాయ వండానని కూడా రాశావు. చెప్పకపోతే ఇక నాకు ముద్ద దిగేలా లేదు.

జూలై 10న పడవలో వెళ్లాను. దగ్గరికి వెళ్లగానే తెడ్లు లోపల పెట్టి, "అక్కా" అని కూడా అన్నాను. చెయ్యి చాచి మెల్లగా తట్టాను.

డబ్‌డబ్‌మంది.

బండ డబ్‌డబ్‌మనదు బావా. గట్టిగా తట్టాను. ఇంకా గట్టిగా డబ్‌మంది. పడవ చుట్టూ తిప్పి అవతలి పక్కకి వెళ్లాను. అక్కడ తెల్ల రంగుతో, నా చేతిరాతతో, "క్వార్టర్స్ నం. 1. తాగునీరు" అని ఉంది.

నా ట్యాంకు. మూడు బండలూ అదొక్కటే. మూతలాంటి బుడిపె అని రాశానే, అది మూత. కడుపులో సగం దాకా నీళ్లు పెట్టుకుని, తల ఒక్కటి పైకి పెట్టి, ఆటుపోట్లతో పాటు ఊరేగుతోంది. దాన్ని ప్రతిచోటా కొత్తగా కనిపెట్టి రిపోర్టులు పంపింది నేను. ఇక్కడ బకెట్లు మోస్తూ "నా ట్యాంకు ఏ లోకంలో ఉందో" అని దాని వైపు చూస్తూనే దిగులుపడ్డాను.

తాడు కట్టి ఒడ్డుకి లాక్కొచ్చేస్తే అక్కడితో అయిపోయేది. కానీ చొక్కా జేబులో నీ ఉత్తరముంది. "ఇది జరిగితే బాగుండును." నీకు ఏదైనా కావాలని నువ్వు అనడం నేను ఇన్నేళ్లలో వినలేదు. మర్నాడు పాత లంగరు, గొలుసు తీసుకెళ్లి దాన్ని కట్టేశాను. కదలకుండా లోపల నాలుగు బుట్టల రాళ్లు పోశాను. ఇప్పుడు బండకి ఉండాల్సినవన్నీ దానికి ఉన్నాయి. బరువుంది, లోపల రాయి ఉంది, చార్టులో గుర్తుంది, పేరు కూడా వచ్చింది. బండ కాదు, అదొక్కటే లోపం.

గొలుసు కడుతుంటే సరంగు చూశాడు. ఇంజను తగ్గించి మరీ మైకులో అడిగాడు.

"కీపరుగారూ, బండకి గొలుసెందుకండీ? కరుస్తుందా?"

తువ్వాలు కూడా ఊపలేకపోయాను.

తిట్టు బావా. ఏమీ బాకీ ఉంచుకోకు.

బుజ్జి


మూడో అంతస్తు,
ఆగస్టు 4

బుజ్జికి,

రెండుసార్లు చదివాను. నవ్వు రాలేదు. మూడోసారి వచ్చింది. ఆఫీసులో వచ్చింది. ఎంతకీ ఆగలేదు. పక్క బల్ల ఆయన మంచినీళ్లు తెచ్చిచ్చాడు. పెద్దసారు అలక మానేసి ఏమైందని అడిగారు. నీ ఉత్తరం సొరుగులో పెట్టాను.

తప్పు నాది. నీ ట్యాంకు ఉత్తరం, నీ బండ రిపోర్టు ఒకే రోజు ఒకే బల్ల మీద ఉన్నాయి. నేను రెండూ చదివాను. మీ అక్క ఉంటే మొదటి బుధవారమే కత్తి ఆపి అడిగేది. "బండకి మూతెందుకుంటుంది? వాడి ట్యాంకేదీ?" అని. ఆమె విన్న నోటీసుల్లో ఒక్క తప్పూ అచ్చు కాలేదు. అది నా జాగ్రత్త అనుకునేవాణ్ని.

ట్యాంకుని కదిలించకు. తేలే వస్తువు తగిలినా పడవకి దెబ్బే. గొలుసు కట్టడం ఈ మొత్తంలో నువ్వు చేసిన ఒక్క సరైన పని.

ఎల్లుండి వస్తున్నాను. బూట్లు వెనక్కి తీసుకోరట.

బావ


లైట్‌హౌస్ క్వార్టర్స్,
ఆగస్టు 10

బావా,

నువ్వు మొదటి రోజే వెళ్లిపోయావు. సర్వే పడవ మొన్నటిదాకా ఉంది. బండలు లేవని రుజువు చెయ్యడానికి మూడు చోట్లా, వాటి చుట్టుపక్కలా అంగుళం వదలకుండా లోతు కొలవాలట. లేనిదాన్ని లేదనడానికి మూడు రోజులు పట్టింది. ఉందనడానికి నాకు ఒక్క గ్లాసు టీ పట్టింది.

మేడమ్‌ని తల్చుకుంటే ఇప్పటికీ నవ్వొస్తోంది. పెన్సిలుతో మూత మీద టకటకా కొట్టి, "పొరల శిలేనా?" అంది. నీ మొహంలోకి చూస్తూ. తర్వాత ఫారం తీసి, "తప్పు ఎవరిది?" అంటే, నువ్వూ నేనూ ఒకేసారి "నాది" అన్నాం. "ఒక్కరు చాలు. ఒకటే గడి ఉంది" అంది. నేను కలం అందుకునేలోపు నువ్వు సంతకం పెట్టేశావు. నీ చెయ్యి అంత వేగంగా కదలడం నేనెప్పుడూ చూడలేదు.

నీకు తెలియనిది ఒకటి. నువ్వు వంగి ట్యాంకు మీద చెయ్యి ఆనించి అలా ఉండిపోయావే, అప్పుడు మేడమ్ సైగ చేసి ఇంజను ఆపించింది. తర్వాత నువ్వు వాంతి చేసుకున్నావు. బయటికే చేసుకున్నావని మేడమ్ మెచ్చుకుంది.

ట్యాంకు ఇప్పుడు నా పెరట్లో ఉంది. పాతది దొరికింది కాబట్టి కొత్తది అక్కర్లేదని స్టోర్సు వాళ్లు ఫైలు మూసేశారు. లోపల రెండు పీతలు కాపురముంటున్నాయి.

పేరు సంగతి అడగడానికి నోరు రావడం లేదు. పోయినట్టేనా?

బుజ్జి


మూడో అంతస్తు,
ఆగస్టు 22

బుజ్జికి,

నోటీసు 231. "212, 219, 224 నంబర్ల బండలు లేవు. రద్దు." చార్టుల మీద ఊదా గుర్తులు నేనే చెరిపాను. నాకు మెమో వచ్చింది. ఇరవై ఏడేళ్లలో మొదటిది. సంజాయిషీ గడి చిన్నది. "చూసుకోలేదు" అని రాశాను. సరిపోయింది.

పేరు వెనక్కి తీసుకుంటున్నట్టు కమిటీకి ఉత్తరం పెట్టాను. బండ లేనందుకు మాత్రమే కాదు. నోటీసు మళ్లీ చదివాను. "అర మైలు దూరం పాటించవలెను" అని రాసి, ఆ మాట పక్కన మీ అక్క పేరు పెట్టమని అడిగింది నేనే. ఆమె దగ్గర ఎవరూ ఎప్పుడూ అర మైలు దూరం పాటించలేదు. పక్కింటి వాళ్లు చక్కెరకి వచ్చి సాయంత్రం దాకా కూర్చునేవారు. బండకి ఆమె పేరు అడగడమే పొరపాటు. ఏదో ఒకటి గట్టిగా, కదలకుండా ఉండాలనిపించింది. అంతే.

కమిటీ జవాబు నిన్న వచ్చింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "ఆమోదించిన పేరును ఉపసంహరించుటకు ఫారం లేదు. పేరు అమలులో ఉన్నది. తగిన స్థలమును చూపించు బాధ్యత ప్రతిపాదించినవారిదే. గడువు ముప్పై రోజులు. చూపించనిచో సదరు పేరు చార్టులలో ఎన్నటికీ వాడరాదని నమోదు చేయబడును."

పేరుంది. చోటు లేదు. ఎన్నటికీ అన్న మాట మీద ఆగిపోయాను.

బావ


లైట్‌హౌస్ క్వార్టర్స్,
ఆగస్టు 29

బావా,

ఎన్నటికీ అంటే ఎలా? వాళ్లెవరు? నేను పొద్దుటి నుంచి కాగితం పట్టుకుని చుట్టుపక్కలంతా తిరిగాను. రాసుకో.

ఒకటి, నా బావి. చార్టులో ఉంది, పెద్దసారు పేరు వచ్చి పడిందన్నావుగా. కానీ అందులో పాచి పట్టింది, అక్క ఒప్పుకోదు. రెండు, జెట్టీ. సగం కూలింది. మూడు, లైట్‌హౌసే. దానికి పేరుంది, ఎవరిదో దొరది, ఆయన్ని కదిలించాలంటే మళ్లీ ఫారం లేదంటారు. నాలుగు, దక్షిణపు కొసన ఎప్పుడూ ఒకే రాయి మీద కూర్చునే కొంగ. స్థిరంగా ఉంటుంది. కానీ చెప్పలేం, కొంగ కదా.

సరంగుకి కథంతా తెలిసిపోయింది. మైకులో ఏమంటాడో అని చెవులు మూసుకుని నిలబడ్డాను. అతను టోపీ తీసి పట్టుకున్నాడు. దాటేదాకా అలాగే ఉన్నాడు. అతను వెటకారం చేస్తేనే నయం, నాకు ఏడుపొచ్చింది. సాయంత్రం జెట్టీ దగ్గర కలిసి, "మా ఫెర్రీకి పెట్టుకోండి" అన్నాడు. కనుక్కుంటే అది ఓనరు పెళ్లాం పేరు మీదుంది. ఆవిడ ఇంకా గట్టిగానే ఉంది.

గడువు ఇంకా మూడు వారాలుంది. నువ్వు చార్టుల్లో వెతుకు. నేను నీళ్లల్లో వెతుకుతాను. ఈసారి తట్టి చూశాకే రాస్తాను.

బుజ్జి


మూడో అంతస్తు,
సెప్టెంబరు 21

బుజ్జికి,

ఈ ఉత్తరం పొడుగ్గా ఉంటుంది. ఓపిక పట్టు.

చార్టులన్నీ వెతికాను. ఖాళీ చోటు లేదు. ప్రతి రాయికీ ఎవరో ఒకరున్నారు. ఇరవై ఎనిమిదో రోజు సాయంత్రం నాలుగింటికి మేడమ్ మూడో అంతస్తుకి వచ్చారు. చేతిలో చుట్టిన పెద్ద కాగితం. నా బల్ల మీద పరిచి, నా టీ గ్లాసుని ఒక మూల బరువుగా పెట్టారు.

"మీ బండలు లేవని తేల్చడానికి మూడు రోజులు కొలిచానుగా. ఇది చూడండి" అన్నారు.

లైట్‌హౌస్ కొసకీ, ఇసుక మేటకీ మధ్య పాత చార్టులో తెల్లగా వదిలేసిన పట్టీ ఒకటుంది. లోతు తెలియదని రాసి ఉంటుంది. అటు ఎవరూ వెళ్లరు కాబట్టి ఎవరూ కొలవలేదు. కొలవలేదు కాబట్టి ఎవరూ వెళ్లరు. ఇప్పుడు ఆ పట్టీ నిండా అంకెలున్నాయి. పద్నాలుగు, పద్నాలుగు, పదిహేను, పద్నాలుగు. చివరిదాకా వేలుపెట్టి చదివాను. ఎక్కడా తగ్గలేదు.

"సూటిగా దారి ఉంది. అడుగున మెత్తటి ఇసుక. ఫెర్రీకి పాత దారి మీద కూడా పావుగంట కలిసొస్తుంది" అన్నారు మేడమ్. "దారికి పేరు కావాలి. సన్నటి దారి, చిన్న పేరైతేనే పడుతుంది. మీ దగ్గర ఒకటి ఖాళీగా ఉందని విన్నాను."

నేను మళ్లీ మొదటి అంకె మీద వేలు పెట్టాను. ఆమె టీ గ్లాసు తీసి పక్కన పెట్టి, కాగితం చుట్టుకోకుండా తన చేత్తో పట్టుకుని నిలబడ్డారు.

ఈలోపు పెద్దసారు వచ్చారు. తన పేరు మళ్లీ సూచించారు. మేడమ్ స్కేలు పెట్టి కొలిచి, "మీ పేరు పట్టాలంటే సముద్రాన్ని ఇంకో రెండు మైళ్లు తవ్వాలి సార్" అన్నారు. ఆయన ఎంత ఖర్చవుతుందని అడిగారు.

ఇరవై తొమ్మిదో రోజున కమిటీకి చోటు చూపించాం. ఇవాళ అచ్చయింది. నోటీసు 247. మీ అక్క పేరు, తర్వాత ఇలా ఉంటుంది. "కొత్త దారి. లోతు పద్నాలుగు మీటర్లు. అడ్డంకులు లేవు. చిన్న పడవలు, పెద్ద పడవలు అన్నీ రావచ్చును." పడవల వివరం అక్కర్లేదని పెద్దసారు కొట్టేశారు. అచ్చుకి వెళ్లేముందు నేను మళ్లీ రాశాను. ఇంకో మెమో వస్తే రానీ.

మధ్యాహ్నం మీ సరంగు తన చార్టు దిద్దించుకోవడానికి కౌంటరుకి వచ్చాడు. ఇంతవరకు అతన్ని నీ ఉత్తరాల్లోనే చూశాను. మైకు లేకపోతే గొంతు చాలా చిన్నది. అతని చార్టు మీద పేరు నేనే రాసిచ్చాను. సిరా ఆరేదాకా ఊదుతూ నిలబడ్డాడు.

ఆదివారం మొదటి ఫెర్రీకి వస్తున్నానని చెప్పాను.

"ఆ దారి దాటడానికి ఎంతసేపు పడుతుంది?" అని అడిగాను.

"నాలుగు నిమిషాలు సార్."

"నెమ్మదిగా వెళ్తే?"

"ఆరు."

నేను కలానికి మూత పెట్టాను. అతను చార్టు మడతపెట్టి, టోపీ పెట్టుకుని, గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

"ఈ మధ్య ఇంజను కొంచెం సతాయిస్తోంది సార్. ఆదివారం ఏడు పట్టొచ్చు."

ఏడు చాలన్నాను.

బావ